యుద్ధ సమయంలో నెలల తరబడి విమానవాహక నౌక మీద ఉన్న పైలట్లు మామూలు మనుషులుగా తిరిగొస్తారా?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెబుతాను అమ్మా. మీ తమ్ముడు నేవీలో ఫైటర్ పైలట్‌గా శిక్షణ పొందుతున్నాడు. కొన్నాళ్లకు విక్రాంత్ మీదకో విక్రమాదిత్య మీదకో వెళ్తాడు. ఎర్ర సముద్రంలో అమెరికా పైలట్లు తొమ్మిది నెలలు ఓడ మీదే ఉండిపోయారన్న వార్తలు చూసి మీ అమ్మగారు భయపడుతున్నారు. "యుద్ధం వస్తే అలా నెలలు నెలలు ఓడ మీద ఉన్న పైలట్‌కి ఏమవుతుంది? తిరిగొచ్చాక మామూలుగా ఉంటాడా?" అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. ఎక్కువ మంది బాగానే తిరిగొస్తారు. కానీ మొదటి రెండు మూడు నెలలు మీకు తెలిసిన తమ్ముడు కాదేమో అనిపిస్తుంది. నిద్ర సరిగా ఉండదు, కోపం త్వరగా వస్తుంది, మాట తగ్గుతుంది. కొద్దిమందిలో అది ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. వాళ్లను అరగదీసేది శత్రువు కాల్పులు ఒక్కటే కాదు. చీకట్లో ఓడ మీద దిగడం, ఇంటికి ఎప్పుడు వెళ్తామో తెలియకపోవడం, ఉన్న బాధను దాచుకోవాల్సి రావడం, ఈ మూడూ ఇంకా ఎక్కువ అరగదీస్తాయి.

నేను నేవీలో 24 ఏళ్లు డాక్టర్‌గా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం పైలట్ల ఆరోగ్యం చూసే పనే. ఓడల మీద కూడా ఉన్నాను. ఇప్పుడు రిటైరై విశాఖలో ఉంటున్నాను. నా దగ్గరికి వచ్చినవాళ్ల గురించి రాసేటప్పుడు ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను.

ముందు డెక్ సంగతి, అంటే విమానాలు లేచే, దిగే ఓడ పైభాగం. విశాఖ విమానాశ్రయంలో రన్‌వే మూడు కిలోమీటర్ల పొడవు. విక్రాంత్ ఓడ మొత్తం పొడవే 262 మీటర్లు, అందులో దిగడానికి దొరికేది కొంత భాగం. అది కూడా కదులుతూ, ఊగుతూ ఉంటుంది. విమానం తోక కింద ఒక కొక్కెం ఉంటుంది. డెక్ మీద అడ్డంగా కట్టిన ఉక్కు తాళ్లలో ఒకదాన్ని ఆ కొక్కెం పట్టుకోవాలి. పట్టుకోకపోతే వెంటనే మళ్లీ గాల్లోకి లేవాలి, దాన్ని బోల్టర్ అంటారు. అందుకే చక్రాలు డెక్‌కి తగిలిన క్షణంలో పైలట్ ఇంజన్ తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. ఆగుతానో మళ్లీ ఎగరాలో ఆ అర సెకనులో అతనికి తెలియదు.

వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా నేవీ వైద్యులు బాంబు దాడులకు వెళ్లే క్యారియర్ (విమానవాహక నౌక) పైలట్ల గుండె వేగాన్ని నమోదు చేసి చూశారు. బాంబులు వేసేటప్పటి కంటే డెక్ మీద నుంచి లేచేటప్పుడు, తిరిగి దిగేటప్పుడు గుండె ఎక్కువ వేగంగా కొట్టుకుంది. నాకు ఇది ఆశ్చర్యం కాదు. రాత్రి దిగి వచ్చిన పైలట్‌ని "ఎలా జరిగింది?" అని అడిగితే గంటన్నర సాగిన పనిని రెండు ముక్కల్లో చెప్పేవాడు. చివరి పదిహేను సెకన్ల గురించి మాత్రం పావుగంట చెప్పేవాడు, చేతులతో విమానాన్ని వంచి చూపిస్తూ. మర్నాడు కలిసినా అదే చెప్పేవాడు.

రాత్రి ఎందుకు అంత కష్టం అంటే, చెవి లోపల ఉన్న సమతౌల్య అవయవం మోసం చేస్తుంది. అమెరికా ఓడల మీద కటాపుల్ట్ విమానాన్ని రెండు మూడు సెకన్లలో గంటకు దాదాపు 250 కిలోమీటర్ల వేగానికి తోస్తుంది. ఆ తోపుకి ముక్కు పైకి లేచిపోతున్నట్టు పైలట్‌కి అనిపిస్తుంది. బయట చుక్కలూ కనపడవు, నీళ్లూ కనపడవు. అనిపించినదాన్ని నమ్మి ముక్కు కిందకు దించితే ముందున్నది సముద్రం. శరీరం గట్టిగా చెప్పేదాన్ని కాదని ఎదుట ఉన్న మీటర్ల ముళ్లను నమ్మాలి. మన ఓడల మీద కటాపుల్ట్ లేదు, ముందువైపు పైకి వంగిన డెక్ మీదుగా సొంత ఇంజన్ల బలంతో లేస్తారు. అయినా చీకటి చీకటే. ఇలా తన ఒంటిని తానే నమ్మకుండా ప్రతి రాత్రీ గడపడం మనిషిని అలసటకు గురిచేస్తుంది. ఈ అలసట ఒక రోజు సెలవుతో పోదు.

చరిత్రలో దీనికి పెద్ద ఉదాహరణ రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 20, ఫిలిప్పీన్ సముద్రం. అమెరికా అడ్మిరల్ మిచర్ సాయంత్రం వేళ దూరాన ఉన్న జపాన్ నౌకల మీదకు 200కు పైగా విమానాలు పంపారు. శత్రువు చేతిలో పోయినవి సుమారు 20. తిరుగు ప్రయాణంలో చీకట్లో ఇంధనం అయిపోయి నీళ్లలో దిగినవి, డెక్ మీద కూలినవి కలిపి సుమారు 80. జలాంతర్గాముల భయం ఉన్నా ఓడల దీపాలన్నీ వెలిగించమని ఆయన ఆదేశించారు. నీళ్లలో పడినవాళ్లలో చాలామందిని తర్వాత వెతికి తీశారు. యువ డాక్టర్లకు పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ఈ రెండు అంకెలనే బోర్డు మీద పక్కపక్కన రాసేవాడిని.

మన పాత విమానవాహక నౌక విరాట్ కథ కూడా ఇక్కడ చెప్పాలి. 1987లో మన దగ్గరికి రాకముందు అది బ్రిటిష్ నేవీలో హెర్మీస్. 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధానికి వెళ్లింది. ఆ యుద్ధంలో హెర్మీస్, ఇన్విన్సిబుల్ రెండు ఓడల మీద నుంచి ఎగిరిన సీ హారియర్ యుద్ధ విమానాల్లో ఆరు పోయాయి. గాల్లో జరిగిన పోరులో ఒక్కటి కూడా పోలేదు. రెండు నేల మీద నుంచి వచ్చిన కాల్పులకు, నాలుగు ప్రమాదాలకు పోయాయి. మే 6న మబ్బుల్లోకి వెళ్లిన రెండు విమానాలు తిరిగి రాలేదు, ఒకదాన్నొకటి గుద్దుకుని ఉంటాయని అనుకున్నారు. మిగిలిన పైలట్లు అదే వాతావరణంలోకి మళ్లీ ఎగరాలి. దుఃఖపడటానికి సమయం ఉండదు, క్రూ రూమ్‌లో కుర్చీ ఖాళీగా ఉంటుంది, సాయంత్రం ఫ్లయింగ్ ప్రోగ్రామ్ బోర్డు మీద మీ పేరు ఉంటుంది.

ఖాళీ కుర్చీల మాట వస్తే అమెరికా విమానవాహక నౌక ఓరిస్కనీ గురించి చెప్పకుండా ఉండలేను. వియత్నాం యుద్ధంలో అత్యధిక శాతం నష్టం చూసిన ఎయిర్ వింగ్ (ఓడ మీది విమాన దళం) ఆ ఓడదే. 1965, 1966, 1967, వరసగా మూడేళ్లు వెళ్లింది. 1966 అక్టోబర్ 26న వెలుగు కోసం వాడే మెగ్నీషియం ఫ్లేర్ ఒకటి అంటుకుని ఓడలోనే మంటలు లేచాయి. 44 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది పైలట్లు. శత్రువు దేశం మీద నుంచి క్షేమంగా తిరిగొచ్చినవాళ్లు గదుల్లో పొగకి చనిపోయారు. తర్వాతి ఏడాది అదే ఓడ మళ్లీ బయలుదేరింది. 1967 అక్టోబర్ 26న, సరిగ్గా ఏడాదికి, ఆ ఓడ నుంచి వెళ్లిన జాన్ మెక్‌కెయిన్ హనోయ్ మీద కూలిపోయి 1973 మార్చి దాకా బందీగా ఉన్నారు.

ఆ పైలట్ల రోజు ఎలా ఉండేదో ఊహించండి. కొన్ని ఓడలు మధ్యాహ్నం 12 నుంచి అర్ధరాత్రి దాకా, కొన్ని అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం దాకా విమానాలు ఎగరేసేవి. రాత్రి ఓడలో సినిమా చూస్తారు, శుభ్రమైన దుప్పటి మీద పడుకుంటారు, పొద్దున కాల్పుల మధ్యలోకి వెళ్లి వస్తారు, తిరిగొచ్చి వేడి భోజనం చేస్తారు. పదాతి దళంలో ఉన్నవాడికి యుద్ధం, విశ్రాంతి వేర్వేరు చోట్ల ఉంటాయి. క్యారియర్ పైలట్‌కి రెండూ ఒకే రోజులో, రెండు మూడు గంటల తేడాలో ఉంటాయి. ఇది సుఖమని బయటివాళ్లు అనుకుంటారు. మనసుకి ఇది చాలా కష్టమని నా అభిప్రాయం. ప్రతిసారీ మొదటినుంచి ధైర్యం కూడగట్టుకోవాలి.

ఇప్పుడు మీరు చూసిన ఎర్ర సముద్రం వార్తలకు వద్దాం. అమెరికా విమానవాహక నౌక ఐసన్‌హోవర్ 2023 అక్టోబర్ 14న బయలుదేరి 2024 జులై 14న ఇంటికి చేరింది. మధ్యలో రెండుసార్లు గడువు పెంచారు. తర్వాత అక్కడికి వెళ్లిన ట్రూమన్ అనే ఇంకో నౌక మీద ఆరు నెలలు తిరగకముందే మూడు సూపర్ హార్నెట్ యుద్ధ విమానాలు పోయాయి. 2024 డిసెంబర్ 22న ఒకదాన్ని సొంత దళంలోని యుద్ధనౌకే పొరపాటున కూల్చింది. అందులో ఉన్న ఇద్దరూ బయటికి దూకి బతికారు. 2025 ఏప్రిల్ 28న ఒకటి, దాన్ని లాగే ట్రాక్టర్‌తో సహా ఓడ మీద నుంచి సముద్రంలో పడిపోయింది. మే 6న దిగేటప్పుడు ఆపే ఏర్పాటు విఫలమై ఇంకొకటి పోయింది. మూడింటిలో ఒక్కటీ శత్రువు కూల్చింది కాదు. ఒక పైలట్ తిరిగి వస్తుంటే సొంత ఇంటి నుంచే క్షిపణి ఎదురొచ్చింది. మర్నాడు అదే ఆకాశంలో, అదే ఓడల మధ్యకు మిగతావాళ్లు దిగాలి. ఆ నమ్మకాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి ఎంత శ్రమ పడి ఉంటారో నేను ఊహించగలను.

గడువు పెంచడం గురించి విడిగా చెప్పాలి. మనిషి ఆరు నెలల కష్టాన్ని మోయగలడు, ఆరు నెలలే అని తెలిస్తే. అయిదో నెలలో "ఇంకో రెండు నెలలు" అన్నప్పుడు కలిగే నష్టం ఆ రెండు నెలలది మాత్రమే కాదు, ఇకమీదట ఏ తేదీనీ నమ్మలేకపోవడం కూడా. 2001 డిసెంబర్‌లో పార్లమెంటు మీద దాడి తర్వాత మన దళాలు ఆపరేషన్ పరాక్రమ్‌లో 2002 అక్టోబర్ దాకా సిద్ధంగా నిలబడ్డాయి. నేను ఆ రోజుల్లో చాలా భాగం సముద్రం మీద ఉన్నాను. యుద్ధం రాలేదు. అయినా ఆ నెలల్లో కడుపులో మంట, తలనొప్పి, నిద్ర లేకపోవడం అంటూ వచ్చినవాళ్లు మామూలు కంటే చాలా ఎక్కువ. విమానంలో బెల్టులు బిగించుకుని ఎండలో కూర్చుని, "ఇవాళ కాదు" అని దిగి రావడం, మర్నాడు మళ్లీ కూర్చోవడం. ఒక కుర్రాడు నాతో "సార్, జరిగితే జరగనివ్వండి, లేకపోతే ఇంటికి పంపండి, ఈ మధ్యలో ఉండలేను" అన్నాడు. పిరికివాడు కాదు, మా స్క్వాడ్రన్‌లో మంచి పైలట్లలో ఒకడు.

శరీరం గురించి కొంచెం. పైలట్ల గదులు చాలా ఓడల్లో డెక్‌కి దగ్గరగానే ఉంటాయి. నెత్తి మీద విమానాలు దిగుతుంటే పడుకోవాలి. మెడ, నడుము నొప్పులు దాదాపు అందరికీ వస్తాయి. హెల్మెట్ బరువు, తిరగేటప్పుడు పడే ఒత్తిడి, అకస్మాత్తుగా ఆగడం కలిసి వెన్నుపూస మీద పడతాయి. చెవులు దెబ్బతింటాయి. 2023లో అమెరికా రక్షణ శాఖ అన్ని దళాల విమాన సిబ్బందినీ కలిపి చేసిన పరిశీలనలో, వాళ్లకు సాధారణ జనాభా కంటే క్యాన్సర్ నిర్ధారణలు 24 శాతం ఎక్కువని, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ 87 శాతం ఎక్కువని తేలింది. కారణం ఏమిటన్నది ఆ పరిశీలన తేల్చలేదు. కాబట్టి దీని గురించి అమ్మగారికి చెప్పి భయపెట్టకండి. మీ తమ్ముడు మాత్రం ఏటా చర్మం చూపించుకోవాలి.

ఇక దాచుకోవడం. నా అనుభవంలో అన్నిటికంటే పెద్ద సమస్య ఇదే. పైలట్‌కి డాక్టర్ అంటే ఎగరకుండా ఆపే మనిషి. మెడికల్ కేటగిరీ తగ్గితే గ్రౌండ్ చేస్తారు. తను ఆగితే తన వంతు పక్కవాడు ఎగరాలి. ఆ పక్కవాడు తిరిగి రాకపోతే? ఈ ఒక్క ఆలోచనతో ఎన్ని నొప్పులు, ఎన్ని నిద్ర లేని రాత్రులు దాస్తారో.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మొదటి సంవత్సరాల్లో, ఒక పైలట్ వరుసగా నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదని చెబితే, క్రూ రూమ్‌లో అందరి ముందూ "నువ్వు రేపు ఎగరవు" అన్నాను. వైద్యపరంగా అది సరైన నిర్ణయమే. కానీ ఆ తర్వాత దాదాపు రెండు నెలలు ఒక్క పైలట్ కూడా నిద్ర గురించి నా దగ్గరికి రాలేదు. అందరికీ నిద్ర పట్టడం వల్ల కాదు. తర్వాత పద్ధతి మార్చాను. సిక్ బేలో (ఓడలోని ఆసుపత్రి గదిలో) కూర్చోవడం మానేసి వాళ్లతో టిఫిన్ చేయడం, డెక్ మీద నడవడం, బ్రీఫింగ్‌లకు వెళ్లి వెనక కూర్చోవడం మొదలుపెట్టాను. ఒక రాత్రి రెండు గంటలకు ఒకాయన వచ్చి "నా స్నేహితుడికి ఒక మందు కావాలి" అన్నాడు. ఆ స్నేహితుడు ఎవరో ఇద్దరికీ తెలుసు. కూర్చోబెట్టి మాట్లాడాను. ఒక రోజు డ్యూటీ మార్పించి, కాగితం మీద "జలుబు" అని కాకుండా నిజమే రాసి, అది అతని కెరీర్‌కి అడ్డు కాకుండా చూశాను. అతను ఆ తర్వాత చాలా ఏళ్లు ఎగిరాడు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. తిరిగొచ్చిన ప్రతి పైలట్‌కీ మానసిక జబ్బు ఉంటుందని అనుకోవద్దు. 1971లో పాత విక్రాంత్ మీద ఉన్న పెద్దల్లో కొందరితో నేను మాట్లాడాను. బాయిలర్‌లో పగులు ఉన్న ఓడతో, తగ్గించిన వేగంతో, డిసెంబర్ 4 నుంచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు చేసిన రోజులను వాళ్లు ప్రేమగా తలుచుకుంటారు. పని స్పష్టంగా ఉంది, రెండు వారాల్లోపే ముగిసింది, దేశం మొత్తం వెనక నిలబడింది. ఈ మూడూ ఉంటే మనసు త్వరగా కోలుకుంటుంది. అదే యుద్ధంలో డిసెంబర్ 10న అరేబియా సముద్రం మీద మన అలీజ్ విమానం ఒకటి పాకిస్తాన్ యుద్ధ విమానం చేతిలో కూలి ముగ్గురు తిరిగి రాలేదు. దాని గురించి అడిగితే అదే పెద్దలు మాట ఆపి టీ కప్పు వైపు చూస్తారు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి.

ఇప్పుడు మీరు చేయగలిగినవి. ఇవి నేను చాలా కుటుంబాలకు చెప్పినవే.

వచ్చిన మొదటి వారం ఇంటిని ఖాళీగా ఉంచండి. అమెరికాలో ఓడ రేవుకి చేరే ముందే విమానాలను ఎగరేసుకుని పైలట్లు సొంత బేస్‌కి వెళ్లిపోతారు. పొద్దున సముద్రం మీద, సాయంత్రం ఇంట్లో సోఫా మీద. 1982లో ఫాక్‌లాండ్స్ నుంచి వారాల తరబడి ఓడ మీదే తిరిగొచ్చినవాళ్లకు తోటివాళ్లతో మాట్లాడుకునే సమయం దొరికింది. మీ తమ్ముడికి అది దొరకకపోతే ఇంట్లోనే దొరకాలి. దయచేసి ఆ వారంలో పెళ్లిచూపులు పెట్టకండి. నాకు తెలిసిన ఒక కుర్రాడిని దిగిన మూడో రోజే పెళ్లిచూపులకు తీసుకెళ్లారు. అమ్మాయి ఏదో అడుగుతుంటే జవాబు చెప్పలేక లేచి బయటికి వెళ్లిపోయాడు. సంబంధం పోయింది, "పొగరు" అన్న పేరు మిగిలింది.

నిశ్శబ్దంలో నిద్ర పట్టకపోతే కంగారు పడకండి. నెలల తరబడి ఇంజన్ల మోతలో పడుకున్న చెవికి పల్లెటూరి రాత్రి వింతగా ఉంటుంది. ఒకాయన వాళ్ల ఊళ్లో చప్పుడు చేసే పాత టేబుల్ ఫ్యాన్‌ని జనవరిలో చెవి పక్కన పెట్టుకుని పడుకునేవాడు. నెలకి మానేశాడు.

"ఎన్ని బాంబులు వేశావు, ఎంతమంది పోయారు" అని ఎవరూ అడగకుండా చూడండి. మేనమామలు, బాబాయిలు ప్రేమతోనే అడుగుతారు, అయినా ఆపండి. "తిండి ఎలా ఉండేది? పక్క బెర్త్‌లో ఎవరుండేవారు?" అని అడగండి. చెప్పాలనుకుంటే అక్కడినుంచే మొదలుపెడతాడు. బండి వేగంగా నడపడం, మందు రోజూ తాగడం, మూడు నెలలు దాటినా నిద్ర రాకపోవడం, తోటి పైలట్ల ఫోన్లు ఎత్తకపోవడం, వీటిలో ఏదైనా కనిపిస్తే ఊరుకోకండి. స్క్వాడ్రన్ సీనియర్‌తో మాట్లాడమని మెల్లగా చెప్పండి, మీరే నేవీ ఆసుపత్రికి వెంట వెళ్లండి. కోపం వస్తుంది, రానివ్వండి.

చివరిగా అమ్మగారి కోసం. కీలకమైన రోజుల్లో ఓడ ఎక్కడుందో తెలియకూడదు కాబట్టి ఫోన్లు, మెయిళ్లు మొత్తం ఆపేస్తారు. పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 2025 మేలో విక్రాంత్ బృందం అరేబియా సముద్రంలో ఉన్నప్పుడు నాకు తెలిసిన ఒక తల్లి ఏడు రోజులు టీవీ ముందు నుంచి లేవలేదు. ఫోన్ రాకపోవడం చెడు వార్త కాదు. చెడు వార్త టీవీలో ముందు రాదు, యూనిఫాంలో మనుషులు ఇంటికి వచ్చి చెబుతారు. వాళ్లు రాలేదంటే మీ తమ్ముడు పనిలో ఉన్నాడు. బయలుదేరే ముందే ఇది అతని నోటితోనే అమ్మగారికి చెప్పించండి. స్క్వాడ్రన్‌లో కుటుంబాల కోసం ఉండే నంబర్ తీసుకుని ఫ్రిజ్ మీద అంటించండి. ఏ స్క్వాడ్రన్‌కి వెళ్తున్నాడో తెలిశాక, అక్కడి కుటుంబాలను ఎలా కలవాలో కావాలంటే ఇక్కడే అడగండి, చెబుతాను.